మోడల్‌ని తేదీ అడగకండి, ఏ కుళాయి కట్టాలో అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు వరంగల్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నారు. ప్రాజెక్టు కోసం మీ జిల్లా డెంగీ కేసుల మీద పైథాన్‌లో ఎస్ఐఆర్ మోడల్ (జనాన్ని ఇంకా సోకనివాళ్ళు, సోకినవాళ్ళు, కోలుకున్నవాళ్ళు అని మూడు డబ్బాలుగా విడదీసే లెక్క) రాశారు. గ్రాఫ్ బాగానే కలిసింది. వచ్చే ఏడాది కేసులు ఏ తేదీకి శిఖరానికి చేరతాయో చెప్పమని గైడ్ గారు అంటున్నారు. "2021లో ఐఐటీ వాళ్ళ కోవిడ్ మోడలే బోల్తా పడింది, నీదెంత" అని స్నేహితులు ఏడిపిస్తున్నారు. అసలు ఈ మోడళ్ళు దేనికైనా పనికొస్తాయా, పనికొస్తే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఆరేళ్ళు జిల్లాల నుంచి వచ్చే జ్వరాల లెక్కలు సరిచూసే ఉద్యోగం, ఆ తర్వాత మోడళ్ళు రాసే ఉద్యోగం. మొదటిదే నాకు ఎక్కువ నేర్పింది. అందుకే సాఫ్ట్‌వేర్ సంగతి చివరికి వదిలేస్తాను, అది చిన్న విషయం.

ముందు ఆ తేదీ గొడవ తేల్చుకుందాం. ఏడాది తర్వాతి శిఖరం ఫలానా రోజున అని చెప్పడం చిలక జోస్యం. వాతావరణ శాఖ రేపటి వాన చెబుతోంది కదా అంటారేమో. మబ్బు మన బులెటిన్ చదివి దారి మార్చుకోదు. మనుషులు చదువుతారు. భయపడి మాస్కు కడతారు, పెళ్ళి వాయిదా వేసుకుంటారు, నెల తిరక్కుండానే విసుగొచ్చి మళ్ళీ సంతకు వెళ్తారు. రెండు మూడు వారాల ముందుచూపు మాత్రం కొంతవరకు సాధ్యమే. కోవిడ్ కాలంలో అమెరికాలో పదుల కొద్దీ బృందాల అంచనాలను కలిపి ఒక ఉమ్మడి అంచనా తీసేవారు. విడివిడి మోడళ్ళలో చాలావాటికంటే ఆ కలగూరగంపే మెరుగ్గా నిలిచింది. అయినా నెల దాటి ముందుకు వెళ్ళేకొద్దీ అదీ తడబడింది.

మోడల్ బాగా చేసే పని వేరే ఉంది. ఇల్లంతా నీళ్ళు నిండుతున్నాయి, నాలుగు కుళాయిలు తెరిచి ఉన్నాయి, మీకున్నవి రెండే చేతులు. ముందు ఏది కట్టాలి? దీనికి మోడల్ జవాబు చెప్పగలదు, అదీ చాలాసార్లు మన ఊహకు అందని జవాబు.

ఈ రకం లెక్క మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన మన బేగంపేటలో పనిచేసినవాడే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపు కోసి అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి చేత దోమలకు కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1902లో నోబెల్ వచ్చింది. స్కూల్లో మనకు చెప్పిన కథ ఇంతవరకే. మిగతా సగం నాకు ఇంకా ఇష్టం. దోమల్ని తగ్గించండి అని రాస్ చెబితే, "అన్ని దోమల్నీ చంపడం ఎవడి తరం, పది మిగిలినా జబ్బు మిగులుతుంది" అని వాదించినవాళ్ళు ఉన్నారు. దానికి ఆయన లెక్కతో జవాబిచ్చాడు. 1908లో మారిషస్ మలేరియా మీద రాసిన నివేదికలోనూ, ఆ తర్వాత తన పుస్తకంలోనూ ఆయన చేసింది గొలుసు లెక్క. ఒక రోగిని దోమ కుట్టాలి, ఆ దోమ పరాన్నజీవి తనలో పెరిగేదాకా బతకాలి, తర్వాత ఇంకో మనిషిని కుట్టాలి. ఈ గొలుసు చివర ఒక రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువమంది కొత్త రోగులు తేలితే జబ్బు తనంతట తానే అణగారిపోతుంది. దోమలు సున్నా కానక్కర్లేదు, ఒక గీత కిందికి వస్తే చాలు. కర్ర విరగకుండా పాము చావడం అంటే ఇదే.

1950ల్లో బ్రిటిష్ మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్కను ఇంకో మెట్టు ఎక్కించాడు. ఇక్కడ కాగితం, పెన్సిల్ తీసుకోండి, మీకు పనికొస్తుంది. దోమ ఒక రోజు బతికే అవకాశం 90 శాతం అనుకుందాం. పరాన్నజీవి దోమలో పెరగడానికి పది రోజులు పడుతుందనుకుందాం. పది రోజులూ బతికే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, సుమారు 35 శాతం. ఆ తర్వాత కుట్టడానికి దానికి ఇంకా తొమ్మిది రోజుల పైచిలుకు ఆయుష్షు మిగులుతుంది. ఇప్పుడు ఇంటి గోడకు మందు కొట్టి రోజువారీ బతుకు అవకాశాన్ని 80 శాతానికి దించారనుకోండి. పది రోజులు బతికేవి 11 శాతం, మిగిలే ఆయుష్షు నాలుగున్నర రోజులు. రెండూ గుణించి చూడండి, వ్యాప్తి సామర్థ్యం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. అదే గుంటలు పూడ్చి దోమల సంఖ్యను సగం చేస్తే వ్యాప్తి కూడా సగమే తగ్గుతుంది. దోమతెరతో కుట్లను సగం చేస్తే నాలుగో వంతుకు వస్తుంది, ఎందుకంటే గొలుసులో కాటు రెండుసార్లు వస్తుంది: రోగిని ఒకసారి, ఆరోగ్యవంతుణ్ణి ఒకసారి.

మూడు కుళాయిలు, మూడు వేర్వేరు ఫలితాలు. దోమల లెక్క కంటే దోమ ముసలితనమే పెద్ద సంగతి అని కళ్ళతో చూసి ఎవరూ కనిపెట్టలేరు. గోడలకు డీడీటీ కొట్టడానికి శాస్త్రబలం ఇచ్చింది ఈ లెక్కే. మన దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది. అప్పటికి ఏటా 7.5 కోట్ల కేసులని అంచనా. 1965 నాటికి లక్షకు దిగాయి. 1976లో మళ్ళీ 64 లక్షలు! డబ్బు, శ్రద్ధ రెండూ సడలడం ఒక కారణం, దోమలు మందుకు లొంగకపోవడం ఇంకో కారణం. మెక్‌డొనాల్డ్ సమీకరణంలో దోమ మారదు, ఊళ్ళో దోమ మారింది. ఈ మాట గుర్తుంచుకోండి, 2021 దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు "గ్రాఫ్ బాగానే కలిసింది" అన్నారే, అక్కడికి వద్దాం. నాకు భయం వేసింది ఆ వాక్యం దగ్గరే.

మీరు రాసిన ఎస్ఐఆర్‌కు మూలం 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ రాసిన వ్యాసం. మెకెండ్రిక్ మన దేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన డాక్టరు, కసౌలీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాడు. అంతకుముందు రాస్‌తో కలిసి సియెర్రా లియోన్ వెళ్ళినవాడు. కెర్మాక్ రసాయన శాస్త్రవేత్త, 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో చూపు పోయింది. చూపులేని మనిషి ఆ లెక్కలన్నీ మనసులో నడిపాడంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. సరే, వాళ్ళు తమ సమీకరణాన్ని దేనితో పోల్చి చూపారో తెలుసా? 1905 డిసెంబరు నుంచి 1906 జూలై దాకా బొంబాయిలో వారం వారం నమోదైన ప్లేగు చావులతో. వక్రరేఖ చుక్కల మీద నుంచి అచ్చుగుద్దినట్టు సాగిపోయింది.

కానీ బొంబాయి ప్లేగు ఎలుకల జబ్బు. ఎలుక చస్తే దాని ఒంటి మీద రక్తం తాగి బతికే చిన్న పురుగు (ఫ్లీ) మనిషి మీదికి దూకుతుంది. మనిషి నుంచి మనిషికి సోకుతుందనే ఊహతో రాసిన సూత్రం ఎలుకల జబ్బుకు అతికిపోయింది! ఎలుకల సంగతి ఆ ఇద్దరికీ తెలుసు, వ్యాసంలో ఒప్పుకున్నారు కూడా. తర్వాత చదివినవాళ్ళే బొమ్మ చూసి మురిసిపోయారు. పైకి లేచి కిందికి దిగే ఏ గుట్టకైనా మూడు మరలున్న సూత్రం అతుకుతుంది. కాబట్టి అతకడం ఏమీ రుజువు చేయదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఈ రాత్రే చేసి చూడండి. మొదట్లో కేసులు రోజుకు 20 శాతం చొప్పున పెరుగుతున్నాయి. రోగి ఐదు రోజులు జబ్బు అంటిస్తాడనుకుంటే ఒక్కొక్కరి నుంచి ఇద్దరికి సోకుతున్నట్టు లెక్క. పది రోజులనుకుంటే ముగ్గురికి. మొదటి మూడు వారాల గ్రాఫ్ రెండింటికీ ఒక్కటే, మీ కోడ్ ఏది ఇచ్చినా 'బ్రహ్మాండంగా కలిసింది' అంటుంది. చివరికి మాత్రం మొదటి లెక్కలో ఊళ్ళో 80 శాతం మందికి, రెండోదాంట్లో 94 శాతం మందికి సోకుతుంది. ఆ ఐదా పదా అన్నది గ్రాఫ్ చెప్పదు. రోగుల పక్కన కూర్చుని రాసుకున్నవాళ్ళు చెప్పాలి.

ఈ లెక్కలోంచి తీసుకోవాల్సిన పాఠం ఒకటుంది, హాస్టల్ మీద చెబితే తేలిగ్గా ఉంటుంది. వెయ్యిమంది ఉన్న హాస్టల్‌కి పండగ సెలవుల తర్వాత ఒక కుర్రాడు జ్వరంతో వచ్చాడు. ఒక్కొక్కరి నుంచి సగటున ఇద్దరికి, ఐదు రోజుల్లో. సగం మందికి సోకేసరికి గ్రాఫ్ తల తిప్పుతుంది, ఎందుకంటే రోగి ఎదురుపడే ఇద్దరిలో ఒకరు అప్పటికే జబ్బు సోకినవాడు. సామూహిక రోగనిరోధక శక్తి అని టీవీల్లో ఊదరగొట్టింది ఈ గీత గురించే. అయితే ఆ గీత దగ్గర జబ్బు ఆగదు. అప్పటికి ఒకేసారి నూట యాభై మంది పడకేసి ఉంటారు, వాళ్ళ నుంచి ఇంకా సోకుతూనే ఉంటుంది. ఆగేసరికి 800 దగ్గర తేలుతుంది. సగానికి వస్తే చాలు అనుకున్నవాళ్ళు ఈ మూడు వందల మందిని మరిచిపోయారు.

ఇప్పుడు వార్డెన్ మెస్సు సమయాలు విడదీసి, జ్వరం వచ్చినవాళ్ళను వేరే గదుల్లో పెట్టి, కలయికలను 40 శాతం తగ్గించాడనుకోండి. రెండు కాస్తా 1.2 అవుతుంది. మొత్తం సోకేవాళ్ళు 800 నుంచి మూడు వందల పైచిలుకుకు పడిపోతారు. అంతకంటే ముఖ్యం, శిఖరం రోజున ఒకేసారి మంచం పట్టినవాళ్ళు 150 నుంచి సుమారు 15కు దిగుతారు. పదో వంతు! సిక్ రూములో ఇరవై మంచాలుంటే ఈ తేడా విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇదే పని వారం ఆలస్యంగా మొదలుపెడితే చేతిలోకి వచ్చే రోగులు నాలుగు రెట్లు. వార్డెన్‌కి కావాల్సింది ఇలాంటి అంకెలు. శిఖరం పద్దెనిమిదినా ఇరవై మూడునా అన్నది ఆయనకెందుకు?

సగటు అన్నాను. ఆ సగటు మాటతోనే పెద్ద చిక్కు. మీ కోడ్ సమీకరణాలతో నడుస్తోంది కాబట్టి ఒక రోగి వస్తే ప్రతిసారీ హాస్టల్ అంటుకుంటుంది. నిజంలో అలా జరగదు. అదే హాస్టల్‌ను పాచికలు వేసినట్టు వెయ్యిసార్లు నడిపించి చూడండి. సుమారు ఐదొందల సార్లు జబ్బు ఒకరిద్దరితో ఆరిపోతుంది. ఒక ఊళ్ళో జబ్బు ప్రబలి పక్క ఊళ్ళో ప్రబలకపోతే, పక్క ఊరివాళ్ళు ఏదో గొప్పగా చేశారని మనం కారణాలు వెతుకుతాం. చాలాసార్లు అది పాచిక.

పైగా అందరూ సమానంగా అంటించరు. దీనికి ప్రపంచంలోనే మంచి సాక్ష్యాల్లో ఒకటి మన ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల నుంచి వచ్చింది. 2020లో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి రాసిన కాంటాక్ట్ ట్రేసింగ్ లెక్కలను పరిశోధకుడు రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించి ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. 84,965 మంది రోగులు, వాళ్ళను కలిసిన 5,75,071 మంది. రోగుల్లో 71 శాతం మంది నుంచి వాళ్ళు కలిసిన ఎవరికీ సోకినట్టు తేలలేదు. 8 శాతం మంది నుంచే కొత్త కేసుల్లో 60 శాతం వచ్చాయి. అప్పుడు చాలా ధనిక దేశాల దగ్గర కూడా ఇంత పెద్ద లెక్క లేదు. ఎండలో తిరిగి ఫారాలు నింపినవాళ్ళ పేర్లు ఏ వ్యాసంలోనూ ఉండవు, అది వేరే సంగతి.

ఇది కుళాయిల వరసను మార్చేస్తుంది. అందరూ సమానంగా అంటిస్తుంటే అందరినీ కాస్త కాస్త ఆపాలి. కొద్దిమందే, కొన్ని సందర్భాలే ఎక్కువ అంటిస్తుంటే ఆ సందర్భాలను మూసేస్తే చాలు. రోగి ఎవరికి అంటించాడని ముందుకు వెతకడంతో పాటు, రోగికి ఎక్కడ అంటింది అని వెనక్కి వెతకాలి. ఆ వెనకటి చోట ఇంకో పదిమంది ఉండే అవకాశం ఎక్కువ.

ఇక మీ స్నేహితుల వెటకారం. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ వేసిన కమిటీ, ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం. విద్యాసాగర్ అధ్యక్షతన, ఒక అంచనా ఇచ్చింది. శిఖరం సెప్టెంబరులో దాటిపోయింది, జాగ్రత్తలు ఇలాగే కొనసాగితే ఫిబ్రవరి చివరికి కేసులు బాగా తగ్గుతాయి అని. నిజాయితీగా చూస్తే ఫిబ్రవరి దాకా ఆ మాట నిలబడింది, రోజుకు పది పన్నెండు వేలకు దిగాయి. తర్వాత ఏప్రిల్ వచ్చింది. 2021 మే 6న ఒక్కరోజే 4,14,188 కేసులు. వైరస్ స్వభావం మారనంతవరకే మోడల్ పనిచేస్తుందని అదే నెలలో మోడల్ రాసినవాళ్ళే ప్రకటించారు. మోడల్‌లో వైరస్ మారలేదు, బయట డెల్టా అనే కొత్త రకం వచ్చింది. డీడీటీకి దోమ మారినట్టే.

నా ఉద్దేశంలో వాళ్ళ తప్పు లెక్కలో కంటే లెక్కను ఒకే గీతగా చూపించడంలో ఉంది. "కొత్త రకం రాకపోతే ఇది, వస్తే ఇది, ఎంతమందికి ఇప్పటికే సోకిందో మాకు కచ్చితంగా తెలియదు కాబట్టి ఇంత వెడల్పు" అని మూడు నాలుగు దారులు గీసి ఉంటే జాగ్రత్తలు సడలించేముందు ఎవరైనా ఒక్క నిమిషం ఆలోచించేవారేమో. ఆ ఏప్రిల్‌లో మా ఇంట్లోనూ ఒక మనిషిని పోగొట్టుకున్నాం. కాబట్టి ఈ విషయంలో నేను పూర్తి తటస్థుణ్ణి అని చెప్పుకోను.

ఇదే పొరపాటు తలకిందులుగానూ జరుగుతుంది. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు, ఏమీ చేయకపోతే లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 2015 జనవరి 20 నాటికి, లెక్కకు రానివి కూడా కలుపుకుని, 14 లక్షల కేసులు ఉండొచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా వేసింది. చివరికి గినీతో సహా మూడు దేశాల్లో తేలినవి సుమారు 28,600 కేసులు, 11,300 మరణాలు. చూశారా ఎంత తప్పో అని పత్రికలు రాశాయి. కానీ అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: రోగుల్లో 70 శాతం మందిని వేరుగా ఉంచి చికిత్స చేస్తే, చనిపోయినవాళ్ళను జాగ్రత్తగా ఖననం చేస్తే, జబ్బు తగ్గుముఖం పట్టి ఆగిపోతుంది అని. పత్రికలకు 14 లక్షలు నచ్చింది, క్షేత్రంలో పనిచేసేవాళ్ళకు కావాల్సింది ఆ 70. నన్నడిగితే ఆ నివేదిక మొత్తంలో విలువైన అంకె అదే. 2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీ ఇచ్చిన 5 లక్షల 10 వేల మరణాల అంకె కూడా బ్రిటన్ చేతులు ముడుచుకుని కూర్చుంటే అన్న షరతు మీద చెప్పిందే. షరతు తీసేసి అంకెను మాత్రం ఊరంతా తిప్పారు.

మరి మనుషుల్ని ఒక్కొక్కరినీ కంప్యూటర్‌లో కట్టి నడిపే పెద్ద మోడళ్ళు ఉన్నాయి కదా, అవి చేయనా అని మీ ప్రశ్న కింద ఇంకో వాక్యం రాశారు. వాటి అందం వాటిదే. 2004లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పనిలో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరాన్ని 16 లక్షల కృత్రిమ మనుషులతో కట్టారు. ఎవరు ఏ ఇంట్లో, ఏ ఆఫీసులో, ఏ గంటకు ఏ దారిన వెళ్తారో అన్నీ పెట్టి మశూచి వదిలారు. తొందరగా కనిపెట్టి, ఎంపికగా టీకాలు వేస్తే ఊరంతటికీ టీకా వేయకుండానే ఆపొచ్చని తేలింది. మన దగ్గర 2020లో బెంగళూరు ఐఐఎస్సీ, ముంబై టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థలు కలిసి ఆ రెండు నగరాలకు ఇలాంటివే కట్టాయి. ముంబైకి అది అవసరం కూడా. ఆ జూలైలో మూడు వార్డుల్లో రక్త పరీక్షలు చేస్తే మురికివాడల్లో 57 శాతం మందికి అప్పటికే సోకినట్టు తేలింది, మిగతా ఇళ్ళల్లో 16 శాతం మందికే. ఒకే వార్డులో రెండు వేర్వేరు ఊళ్ళు! సగటు తీస్తే రెండూ అబద్ధమే.

కానీ ఒక్కరే, ఒక సెమిస్టరులో, ఆ పని వద్దు. ప్రతి కొత్త వివరానికీ ఒక అంకె కావాలి, ఆ అంకె మీ దగ్గర ఉండదు, ఎక్కడో యూరప్ సర్వే నుంచి తెచ్చి అతికిస్తారు. మూడు తరాలవాళ్ళు ఒకే హాల్లో పడుకునే ఇంటికి బెల్జియం లెక్క ఎలా సరిపోతుంది?

ఇంకో మాట. మోడల్ ఆదేశమైతే దాని భారం రాసినవాడి మీద పడదు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు మోడళ్ళను ఆధారం చేసుకుని, జబ్బు వచ్చిన మందతో పాటు ఆనుకుని ఉన్న పొలాల్లోని పశువులను కూడా చంపేయాలని నిర్ణయించారు. మొత్తం 60 లక్షలకు పైగా జీవాలు పోయాయి. పక్క పొలాల పశువులను చంపడం అంత అవసరమా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కోడ్ రాసినవాడి కొట్టంలో గొడ్డు లేదు కదా.

ఇప్పుడు నా మొదటి ఉద్యోగం నేర్పిన పాఠం. ఒక జిల్లాలో, పేరెందుకు లెండి, ఆగస్టు మూడో వారంలో డెంగీ కేసులు ఒక్కసారిగా మూడు రెట్లయ్యాయి. మేం వాన, ఉష్ణోగ్రత, గాలిలో తేమ అన్నీ మోడల్‌లో పెట్టి ఆ గుట్టను అద్భుతంగా వివరించేశాం. స్లైడ్లు కూడా అయిపోయాయి. ప్రెజెంటేషన్ ముందురోజు ఒక అంకె సరిచూసుకుందామని ల్యాబ్ టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే, ఆయన నవ్వి, "ఎలైజా కిట్లు అయిపోయి మూడు వారాల శాంపిళ్ళు ఫ్రిజ్‌లో ఉన్నాయి సార్, కిట్లు రాగానే అన్నీ ఒకేసారి చేసేశాం" అన్నారు. వానకీ ఆ గుట్టకీ సంబంధమే లేదు. అప్పటి నుంచి ఫలితం వచ్చిన తేదీతో నేను లెక్క వేయను, జ్వరం మొదలైన తేదీ అడుగుతాను. అది లేకపోతే పరీక్షల సంఖ్య అయినా పక్కన పెట్టుకుంటాను. మీ డేటా ఏ తేదీతో ఉందో ముందు కనుక్కోండి. ప్రైవేటు ఆసుపత్రుల కార్డు టెస్టులు అందులో కలిశాయా లేదా అన్నది కూడా.

ఇక మీ ప్రాజెక్టు. మొదటి సవరణ: డెంగీకి మీరు రాసినట్టు ఎస్ఐఆర్ నేరుగా పెట్టకూడదు. మధ్యలో దోమ ఉంది, దాని గొలుసు వేరే రాయాలి. నాలుగు రకాల డెంగీ వైరస్‌లున్నాయి. ఒకటి సోకి తగ్గితే ఆ ఒక్కదానికే రక్షణ, రెండోసారి వేరే రకం సోకితే ప్రమాదం ఎక్కువ. కాబట్టి 'కోలుకున్నవాళ్ళు' అనే మీ మూడో డబ్బా అంత భద్రమైన డబ్బా కాదు. పైగా సోకినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి చెప్పుకోదగ్గ లక్షణాలే ఉండవు, వాళ్ళు మీ డేటాలో కనబడరు.

రెండోది, ప్రశ్న మార్చండి. తేదీ బదులు ఇలా అడగండి: మా పట్టణంలో వందలో ఎన్ని ఇళ్ళు శుక్రవారం డ్రై డే (నిల్వ నీళ్ళు పారబోసే రోజు) నిజంగా పాటిస్తే గొలుసు తెగుతుంది? కూలరు, సంపు, పూలకుండీ కింది పళ్ళెం, పాత టైరు, ఇవన్నీ వారానికోసారి ఖాళీ చేయమనడంలోనే ఒక మోడల్ దాగి ఉంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారం. రెండు వారాలకోసారి చేస్తే దాదాపు చేయనట్టే. దాని పక్కన ఫాగింగ్ పెట్టి చూడండి. పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది, నీళ్ళలో ఉన్నవి రెండు మూడు రోజుల్లో రెక్కలు కట్టుకుని వస్తాయి. మీ గ్రాఫ్‌లో రంపం పళ్ళలా కనిపిస్తుంది. ఇంట్లో గోడ మీది దోమ ఆయుష్షు తగ్గిస్తే ఎంత, నీళ్ళు పారబోస్తే ఎంత, పొగ కొడితే ఎంత, పక్కపక్కన పెట్టండి. దోమతెరను మలేరియా నుంచి తెచ్చి యథాతథంగా పెట్టకండి, డెంగీని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. తెర పగటి పూట పడుకునే పసిపిల్లలకు, మంచం మీది రోగికి మాత్రం పనికొస్తుంది. రోగి చుట్టూ తెర కట్టడం కూడా ఒక కుళాయే, దాన్నీ వరసలో చేర్చండి.

అంకెలు తెలియని చోట ఒకే అంకె పెట్టకండి. కనిష్ఠం, గరిష్ఠం రాసి ఆ మధ్యలో వెయ్యిసార్లు నడపండి. ఏ అంకె మార్చినా మీ కుళాయిల వరస మారకపోతే ధైర్యంగా రాయండి. ఒక్క అంకె మారితే వరస తారుమారైతే, ఆ అంకె కొలవడమే అసలు పని అని రాయండి. అది ఓటమేమీ కాదు, మునిసిపాలిటీ వాళ్ళకు అదీ ఉపయోగమే.

గైడ్ గారికి తేదీ కావాల్సిందేనంటే, గత ఐదారేళ్ళ కేసుల సగటు వారం వారీగా గీసి ఇవ్వండి. వానాకాలం రెండో సగంలో ఒక గుట్ట వస్తుంది, దానికి మోడల్ అక్కర్లేదు. తర్వాత మీ మోడల్ అంచనాను ఆ మామూలు సగటుతో పోల్చండి. సగటును ఓడించలేని మోడళ్ళు పత్రికల్లో అచ్చయినవి నేను చాలా చూశాను.

సాఫ్ట్‌వేర్‌కు పైథాన్ చాలు, అందులోని లెక్కల లైబ్రరీ సైపై వచ్చు కదా. ఆర్ భాష వచ్చినవాళ్ళకు ఎపిమోడల్ ప్యాకేజీ ఉంది. కదిలే బొమ్మలతో చూడాలంటే నెట్‌లోగో సరదాగా ఉంటుంది. ఏదైనా ఒకటే.

కోడ్ మళ్ళీ రాశాక మూడు పరీక్షలు పెట్టండి. దోమల్ని సున్నా చేస్తే కొత్త కేసులు ఆగాలి. ఒకరి నుంచి సోకేది 0.9కి దించితే జబ్బు ఆరిపోవాలి. మూడు డబ్బాల్లోని మనుషుల్ని కలిపితే ప్రతిరోజూ ఒకే మొత్తం రావాలి. ఈ మూడోది మీ పాత ఫైల్లో కూడా ఒకసారి చూడండి. విద్యార్థులు పంపిన కోడ్‌లలో ఎక్కువసార్లు నాకు తప్పు దొరికింది అక్కడే, నలభై రోజులయ్యేసరికి ఊరి జనాభా పెరిగిపోయి ఉంటుంది.